వెనుక టైర్ల లోపలి అంచు 14,000 కి.మీ.కే తీగలు తేలింది, అలైన్‌మెంట్ కాగితంలో మొత్తం టో మాత్రం పచ్చగానే ఉంది

ఇసార్ తీరం (మ్యూనిక్)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఇదే నా మొదటి ప్రశ్న, కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

కారు 2004 నాటి బీఎండబ్ల్యూ ఈ46 ఎం3. దీనికి నేను మూడో యజమానిని. రెండేళ్ల కిందట కొన్నాను, ఇప్పటికి 1,68,000 కి.మీ. తిరిగింది. 19 అంగుళాల చక్రాలు, టైర్ల కొలత ముందు 225/40, వెనుక 255/35. పాత యజమాని పొట్టి స్ప్రింగులు వేసి కారును 25 మి.మీ. కిందికి దించారు. కాగితాలన్నీ సక్రమంగానే ఉన్నాయి.

గత ఏడాది ఏప్రిల్‌లో వెనుక రెండు టైర్లూ కొత్తవి వేయించాను. నిన్న శీతాకాలపు టైర్లు మార్చుకుందామని జాకీ పెట్టి ఎడమ చక్రం విప్పాను. బయటి నుంచి చూస్తే ఇంకో ఏడాది నడుస్తుందనిపించే టైరు. విప్పి, తిప్పి పెట్టి చూస్తే లోపలి అంచున వేలెడు వెడల్పున రబ్బరే లేదు. తీగలు మెరుస్తున్నాయి. మొన్ననే పాపను వెనుక సీట్లో కూర్చోబెట్టుకుని ఇవే టైర్ల మీద సాల్జ్‌బర్గ్ వెళ్లి వచ్చాను. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తోంది.

కొలతలు: ఎడమ టైరు బయట 4.9 మి.మీ., మధ్యలో 4.1, లోపల సున్నా. కుడి టైరు బయట 5.0, మధ్యలో 4.3, లోపల 1.2. కొత్తగా ఉన్నప్పుడు 7.5.

టైర్లు వేసిన రోజే అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు కొలిచి సరిచేయడం) కూడా చేయించాను. ఆ కాగితం నా దగ్గరుంది. వెనుక క్యాంబర్ (చక్రం నిలువు వాలు) ఎడమ మైనస్ 2 డిగ్రీల 40 నిమిషాలు, కుడి మైనస్ 2 డిగ్రీల 35 నిమిషాలు (నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). వెనుక టో (చక్రం లోపలికో బయటికో తిరిగి చూసే కోణం) ఎడమ మైనస్ 6 నిమిషాలు, కుడి ప్లస్ 22 నిమిషాలు, మొత్తం ప్లస్ 16. ఎడమ, కుడి గళ్లు రెండూ ఎర్రగా (హద్దు దాటి) ఉన్నాయి, మొత్తం గడి పచ్చగా (హద్దులోనే) ఉంది. ‘మొత్తమే లెక్క, వెనుక ఏమీ కదపనక్కర్లేదు’ అని చెప్పి ముందు చక్రాలు మాత్రం సరిచేసి పంపారు.

తప్పు ఎక్కడుంది? ఇంకో జత టైర్లు కొనే ముందే తెలుసుకోవాలని ఉంది.

గచ్చిబౌలి 330 (హైదరాబాద్)

క్యాంబర్ చూశారా? 2 డిగ్రీల 40 నిమిషాలంటే చాలా ఎక్కువ. కారు దించిన కొద్దీ వెనుక చక్రం పైభాగం లోపలికి వాలుతుంది, బరువంతా లోపలి అంచు మీద పడుతుంది. అక్కడే అరిగింది. స్ప్రింగులు మార్చండి, సమస్య తీరిపోతుంది.

డాల్ఫిన్ కొండ (విశాఖపట్నం)

ముందుగా ఒక మాట. ఆ ఎడమ టైరును ఇక ఒక్క కిలోమీటరు కూడా తిప్పకండి. 1.6 మి.మీ. దగ్గరే చట్టం ఆపమంటుంది, మీ దేశంలోనూ మన దేశంలోనూ అదే హద్దు. తీగ తేలిన టైరు ఎప్పుడు పగులుతుందో ఎవరూ చెప్పలేరు.

ఇక అసలు విషయం. నేను అలైన్‌మెంట్ పనిలో 22 ఏళ్లుగా ఉన్నాను. మిషను దగ్గరికి వెళ్లే ముందు నేను చేసే మొదటి పరీక్ష అరచేయితోనే. విప్పిన టైరును నిలబెట్టి, అరిగిన చోటుకు పక్కనే ఇంకా గాడులు మిగిలిన భాగం మీద చేతిని అడ్డంగా నిమరండి. ఒకసారి లోపలి నుంచి బయటికి, ఒకసారి బయటి నుంచి లోపలికి. రెండు వైపులా ఒకేలా నున్నగా ఉంటే ఒక రోగం. ఒకవైపు నున్నగా, మరోవైపు రంపపు పళ్లలా తగిలితే ఇంకో రోగం. చూసి చెప్పండి. తీగల మీద మాత్రం చేయి పెట్టకండి, కోసుకుంటుంది.

ఇసార్ తీరం (మ్యూనిక్)

కారు బేస్‌మెంట్‌లోనే ఉంది, కదపను. ఇప్పుడే వెళ్లి చూశాను. ఎడమ టైరు ఒకవైపు నిమిరితే పలక మీద చేయి పెట్టినంత నున్నగా ఉంది, తిప్పి నిమిరితే ప్రతి పట్టీ అంచూ చర్మానికి పట్టుకుంటోంది. కుడి టైరులోనూ అదే కానీ తక్కువ.

డాల్ఫిన్ కొండ (విశాఖపట్నం)

అయితే ఇది క్యాంబర్ ఒక్కదాని పని కాదు. టైరు దొర్లుతూనే పక్కకు ఈడ్చుకుపోయింది. టోలో తేడా ఉంది.

ఇరుసు (పుణె)

సస్పెన్షన్ డిజైన్ నా వృత్తి, అందుకని కొంచెం లెక్కతో చెబుతాను.

క్యాంబర్ అంటే ముందు నుంచి చూసినప్పుడు చక్రం వాలు. వాలిన టైరు కాగితపు గ్లాసులా ప్రవర్తిస్తుంది. గ్లాసును నేల మీద దొర్లిస్తే నేరుగా పోక వంకర తిరుగుతుంది కదా, టైరు కూడా అలాగే తిరగాలని చూస్తుంది. ఇరుసు దాన్ని తిరగనివ్వదు కాబట్టి కొంత రాపిడి తప్పదు. కానీ ఆ రాపిడి మెల్లనిది. రెండున్నర డిగ్రీల క్యాంబర్‌తో, టో సరిగా ఉంచుకుని, 20,000 కి.మీ. దాటించే వాళ్లు చాలామంది ఉన్నారు.

టో వేరు. పైనుంచి చూసినప్పుడు చక్రం ఎటు చూస్తోందో అది టో. వేళ్లు లోపలికి తిప్పి నడిచేవాడి పాదాల్లా ఉంటే టో-ఇన్, బయటికి తిప్పి నడిచేవాడి పాదాల్లా ఉంటే టో-అవుట్. చక్రం ఒక డిగ్రీ పక్కకు చూస్తూ కారుతో పాటు నేరుగా పోవాలంటే, ప్రతి కిలోమీటరుకూ పదిహేడున్నర మీటర్లు పక్కకు ఈడ్చుకుపోవాలి. 15 నిమిషాలు, అంటే పావు డిగ్రీ అయినా కిలోమీటరుకు నాలుగు మీటర్ల పైమాటే. అందులో కొంత రబ్బరు సాగి సర్దుకుంటుంది, మిగిలినది రోడ్డు మీద అరుగుతుంది. సాన మీద గంధపు చెక్క అరగదీసినట్టే. క్యాంబర్ ఆ చెక్కను ఏ అంచున నొక్కిపెట్టాలో నిర్ణయిస్తుంది, అరగదీసేది టో. అందుకే రెండూ కలిసినచోట లోపలి అంచు పోతుంది.

ఇప్పుడు మీ కాగితం. ఎడమ మైనస్ 6, కుడి ప్లస్ 22 (ప్లస్ అంటే టో-ఇన్, మైనస్ అంటే టో-అవుట్). తేడా 28, అందులో సగం 14 నిమిషాలు. దీన్ని థ్రస్ట్ కోణం అంటారు. మీ వెనుక చక్రాలు రెండూ కలిసి కారును మధ్యరేఖ నుంచి 14 నిమిషాలు పక్కకు నెడుతున్నాయి. ఆ నెట్టుడును సర్దడానికి మీరు తెలియకుండానే స్టీరింగ్‌ను మూడు డిగ్రీల పైన పక్కకు పట్టుకుని ఉంటారు. అవునా?

అయితే ఇక్కడే చాలామంది పొరబడతారు. కారు నిజంగా పోయే దారిని బట్టి చూస్తే మీ రెండు వెనుక చక్రాలూ మొత్తం 16లో సగం, అంటే చెరో 8 నిమిషాల టో-ఇన్‌లోనే ఉన్నాయి. అది మంచి విలువే. వెనుక సరిచేయకుండా పంపడం తప్పే, కానీ ఆ కాగితం నిజమైతే మీ టైర్లు 14,000 కి.మీ.కి ఇలా కాకూడదు.

నా అనుమానం ఏమిటంటే, కాగితం నిలబడి ఉన్న కారుది. టైరు అరిగింది నడుస్తున్న కారులో. ఈ రెండింటి మధ్య ఏదో కదులుతోంది.

ఇసార్ తీరం (మ్యూనిక్)

> స్టీరింగ్‌ను మూడు డిగ్రీల పైన పక్కకు పట్టుకుని ఉంటారు. అవునా?

అవును. మొదటి నుంచీ అది కొంచెం ఎడమకు వాలి ఉంటుంది. కారు పాతది కదా అని ఊరుకున్నాను. ఇంకోటి కూడా ఉంది. ఆటోబాన్ మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు వెనుక భాగం ఒక్కసారి పక్కకు ఊగి సర్దుకుంటుంది. వెడల్పు టైర్లకు రోడ్డు గాడి తగిలిందేమో అనుకునేవాడిని.

డాల్ఫిన్ కొండ (విశాఖపట్నం)

అది రోడ్డు గాడి కాదండి. బుష్ (సస్పెన్షన్ కీలులో ఉండే రబ్బరు) పోయింది.

ఇరుసు (పుణె)

కొండ గారి మాటే నా మాట. ఈ46లో వెనుక చక్రాన్ని ముందుకూ వెనక్కూ పట్టి ఉంచేది ట్రైలింగ్ ఆర్మ్. దాని ముందు కొన కారు నేల కింద ఒక్క రబ్బరు బుష్‌లో కూర్చుంటుంది. బ్రేకు వేసినప్పుడు రోడ్డు టైరును వెనక్కి లాగుతుంది. టైరు ఉన్నది ఆ బుష్‌కు బయటివైపు, అందుకని చక్రం ముందు అంచు బయటికి తిరగాలని చూస్తుంది. అది టో-అవుట్. యాక్సిలరేటర్ తొక్కితే దానికి ఎదురు, ముందు అంచు లోపలికి తిరుగుతుంది. బుష్ గట్టిగా ఉంటే ఈ కదలిక కొద్దిపాటిది. రబ్బరు చినిగితే బ్రేకు వేసిన ప్రతిసారీ, గేరు మార్చిన ప్రతిసారీ చక్రం తలుపు రెక్కలా అటూ ఇటూ ఆడుతుంది. మీ క్యాంబర్‌తో బరువు లోపలి అంచు మీదే ఉంది కాబట్టి, ఎటు తిరిగినా అరిగేది ఆ అంచే.

మిషను మీద కారు నిలబడి ఉంటుంది. బ్రేకు లేదు, ఇంజిను తోపు లేదు. చినిగిన బుష్ కూడా మర్యాదగా మధ్యలో కూర్చుని పచ్చ గడి చూపిస్తుంది.

లిఫ్ట్ మీద పెట్టి, బుష్ పక్కన గడ్డపార లాంటి కడ్డీ పెట్టి కదిపి చూడండి. అక్కడ ఉన్నప్పుడే వెనుక సబ్‌ఫ్రేమ్ (వెనుక సస్పెన్షన్‌ను మోసే చట్రం) బిగించే చోట నేల రేకు పగిలిందేమో కూడా చూడండి. ఈ46 కార్లలో అది అందరికీ తెలిసిన బలహీనత.

టెక్సాస్ తెలుగు (డల్లాస్)

నా సీ6 కార్వెట్‌లోనూ వెనుక టైర్లే ముందు పోతాయి, ముందు వెనుక కొలతలు వేరు కాబట్టి మార్చి వేసుకునే దారి లేదు. ఇసార్ గారిదీ అంతే. చిన్న కారుకైతే టైర్లు ముందుకూ వెనక్కూ మార్చుకుంటూ తప్పును నాలుగింటికీ పంచేయవచ్చు. మన కార్లలో మొత్తం వెనుక రెండే మోయాలి. అందుకే వీటికి అలైన్‌మెంట్ విషయంలో అలసత్వం పనికిరాదు.

టైరు పక్కన రాసి ఉండే ట్రెడ్‌వేర్ అంకెను (ఎంత మెల్లగా అరుగుతుందో చెప్పేది) చూసి మోసపోకండి. మా రాష్ట్రంలోని శాన్ ఏంజెలో దగ్గర 400 మైళ్ల రోడ్డు దారి ఒకటి ఉంది, అమెరికాలో ఆ పరీక్ష అక్కడే జరుగుతుంది. టైర్లను 7,200 మైళ్లు తిప్పి, ఒక ప్రామాణిక టైరుతో పోల్చి అంకె ఇస్తారు. ఆ కార్ల అలైన్‌మెంట్ సరిగా ఉంటుంది. బుష్ చినిగిన కారులో 300 అంకె ఉన్న టైరూ పోతుంది, 500 ఉన్నదీ పోతుంది.

గచ్చిబౌలి 330 (హైదరాబాద్)

టోను గురించి ఇంత లెక్క నాకు తెలియదు, ఒప్పుకుంటున్నాను. కానీ 2 డిగ్రీల 40 నిమిషాలు రోజువారీ కారుకు ఎక్కువే అన్న మాట మీద మాత్రం నిలబడతాను.

గాలి సంగతి కూడా చూడాలి. గాలి తక్కువైతే రెండు అంచులూ పోతాయి, ఎక్కువైతే మధ్య పోతుంది. మా దగ్గర మే నెలలో మధ్యాహ్నం కొట్టించుకున్న గాలి తెల్లవారేసరికి తగ్గి చూపిస్తుంది. ప్రతి ఐదారు డిగ్రీల వేడికీ ఒక పీఎస్ఐ తేడా వస్తుంది. అందుకే ఉదయం కారు కదపక ముందే చూసుకోవాలి.

ఇసార్ తీరం (మ్యూనిక్)

శీతాకాలపు టైర్లు వేసి, మెల్లగా నడుపుకుంటూ శనివారం లిఫ్ట్ అద్దెకు ఇచ్చే చోటికి వెళ్లాను. ఎడమ బుష్ చూడగానే విషయం అర్థమైంది. రబ్బరు చుట్టూ సగం దూరం పగిలింది, నా బొటనవేలి గోరు పూర్తిగా దిగింది. కడ్డీతో నొక్కితే ఆర్మ్ కొన సెంటీమీటరుకు దగ్గరగా జరిగి, వదలగానే మెల్లగా వెనక్కి వచ్చింది. కుడిది ఇంకా ఊడలేదు కానీ చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయి. నేల రేకు మీద టార్చి వేసి అంగుళం అంగుళం చూశాను, పగుళ్లు లేవు. ప్రాణం లేచి వచ్చింది.

ఇప్పుడు ప్రశ్న: రబ్బరు బుష్ వేయాలా, పాలీయురేతేన్ (రబ్బరు కంటే గట్టి పదార్థం) వేయాలా?

టెక్సాస్ తెలుగు (డల్లాస్)

పాలీ. నా కారుకు అదే వేశాను. ఇంకో పదేళ్లు చూడనక్కర్లేదు.

ఇరుసు (పుణె)

కార్వెట్ ఆర్మ్‌లు ఒకే అక్షం చుట్టూ తిరుగుతాయి, అక్కడ పాలీ బాగా పనిచేస్తుంది. ఈ46 ట్రైలింగ్ ఆర్మ్ సంగతి వేరు. చక్రం పైకీ కిందికీ పోతున్నప్పుడు ఆ బుష్ తిరగాలి, కొద్దిగా మెలిపడాలి, పక్కకు కూడా వంగాలి. గట్టి పాలీ ఆ మెలికను అడ్డుకుంటే సస్పెన్షన్ బిగుసుకుంటుంది. రోజూ తిరిగే కారుకు కొత్త రబ్బరు బుష్ వేసి, పక్కల జరగకుండా లిమిటర్ పలకలు పెట్టించండి. ట్రాక్ మీద మాత్రమే తిరిగే కారైతే గోళాకారపు బేరింగ్ మంచిది. పాప కూర్చునే కారుకు అది వద్దు, చప్పుడు భరించలేరు.

డాల్ఫిన్ కొండ (విశాఖపట్నం)

బుష్ వేసేవాళ్లు చేసే తప్పు ఒకటుంది, ముందే చెబుతున్నాను. కారు లిఫ్ట్ మీద, చక్రాలు కిందికి వేలాడుతున్నప్పుడు బుష్ బ్రాకెట్ ఏ కోణంలో ఉందో అలాగే బిగించేస్తారు. కారు నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడి, ఇక జన్మంతా మెలిపడే ఉంటుంది. కొత్త బుష్ ఏడాదికే చినిగిపోతుంది. కారు మామూలు ఎత్తులో నిలబడినప్పుడు ఉండే కోణానికి బ్రాకెట్‌ను పెట్టి బిగించాలి. మీ కారు దించి ఉంది కాబట్టి ఆ కోణం కూడా మారుతుంది, గుర్తుచేయండి.

ఈ46లో వెనుక టో సరిచేసేది ఆ బ్రాకెట్‌ను జరిపే. అంటే బుష్ మార్చిన తర్వాత అలైన్‌మెంట్ తప్పనిసరి. అప్పుడు దగ్గరుండి చూడండి. మొదట వెనుక చక్రాలు, తర్వాతే ముందు చక్రాలు. వెనుక కూడా మొదట క్యాంబర్, చివర టో. క్యాంబర్ కదిపితే టో కదులుతుంది కాబట్టి తలకిందులుగా చేస్తే మళ్లీ మొదటికొస్తుంది. జాకీ దించాక కారును ముందుకూ వెనక్కూ నెట్టి, సస్పెన్షన్‌ను నాలుగుసార్లు నొక్కి, కుదురుకున్నాకే కొలవాలి. ఈ46 3 సిరీస్‌కు తయారీదారు చెప్పిన పద్ధతిలో ముందు సీట్లలో చెరో 68 కిలోలు, వెనుక సీటు మధ్యలో 68, డిక్కీలో 21 కిలోలు, నిండు ట్యాంకు ఉండాలి. ఇసుక బస్తాలు పెట్టేవాళ్ల దగ్గరికే వెళ్లండి. ఖాళీ కారుకు చేసిన కొలత మనుషులు ఎక్కగానే మారిపోతుంది.

చేసే ముందరి కాగితం, చేసిన తర్వాతి కాగితం రెండూ అడిగి తీసుకోండి.

ఇసార్ తీరం (మ్యూనిక్)

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, క్షమించాలి.

రెండు బుష్‌లూ మార్చాం, లిమిటర్లు పెట్టాం. ఈసారి వేరే చోటికి వెళ్లాను. అక్కడి పెద్దాయన నేను అడగకుండానే గోడ పక్కనున్న బస్తాలు తెచ్చి సీట్లలో పెట్టారు. వాటిని చూడగానే కొండ గారు గుర్తొచ్చారు. కింది ఆర్మ్ దగ్గర క్యాంబర్ సరిచేసే ఎక్సెంట్రిక్ బోల్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది, దాన్ని విడిపించడానికే గంటన్నర పట్టింది. చివరికి క్యాంబర్ రెండు వైపులా మైనస్ 2 డిగ్రీలు, టో చెరో ప్లస్ 8 నిమిషాలు, థ్రస్ట్ సున్నా.

తిరిగి వస్తూ ఖాళీ రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసి చూశాను. తోక ఊగలేదు. స్టీరింగ్ మీది గుర్తు రెండేళ్లలో మొదటిసారి నిటారుగా నిలబడింది.

ఇంట్లో నేనే అప్పుడప్పుడు చూసుకునే మార్గం ఏమైనా ఉందా?

ఇరుసు (పుణె)

ఉంది, దారం చాలు. కారుకు రెండు వైపులా చక్రం మధ్య ఎత్తులో చేపల వల దారం బిగించి కట్టండి. ముందు ఇరుసు దగ్గర ఎడమ దూరం కుడి దూరం సమానంగా ఉండాలి, వెనుక ఇరుసు దగ్గరా అలాగే. ముందు దూరం, వెనుక దూరం సమానం కావాలని చూడకండి, రెండు ఇరుసుల వెడల్పూ ఒకటి కాదు. తర్వాత వెనుక చక్రపు రిమ్ ముందు అంచు నుంచి దారానికి, వెనుక అంచు నుంచి దారానికి స్టీలు స్కేలుతో కొలవండి. మీ రిమ్ అంచు నుంచి అంచుకు సుమారు అర మీటరు కాబట్టి ఒక మిల్లీమీటరు తేడా అంటే దాదాపు 7 నిమిషాలు. ముందు అంచు దారానికి ఒక మిల్లీమీటరు దూరంగా ఉంటే మీ 8 నిమిషాల టో-ఇన్ అదే. దగ్గరగా ఉంటే వెంటనే దుకాణానికి వెళ్లండి.

ఇసార్ తీరం (మ్యూనిక్)

వేసవి టైర్లు కొత్తవి వేసి సరిగ్గా 6,000 కి.మీ. అయింది. నిన్న రెండు చక్రాలూ విప్పి కొలిచాను. ఎడమ: బయట 6.1, మధ్యలో 5.9, లోపల 5.8. కుడి: బయట 6.1, మధ్యలో 6.0, లోపల 5.8. ఈ లెక్కన 1.6కు రావడానికి 20,000 కి.మీ. దాటుతుంది. చేత్తో నిమిరితే రెండు వైపులా ఒకేలా ఉంది. ఇరుసు గారికీ, కొండ గారికీ ఎన్ని సార్లు కృతజ్ఞతలు చెప్పినా తక్కువే.

గచ్చిబౌలి 330 (హైదరాబాద్)

ఇది చదివి ఈ ఉదయం స్టీరింగ్ పూర్తిగా తిప్పి ముందు టైర్లు చూశాను, బాగున్నాయి. వెనుకవి అలా కనబడవు కదా, దుప్పటి పరచి కింద పడుకుని ఫోను వెలుగులో చూశాను. కుడి వెనుక టైరు లోపలి అంచు 2.1 మి.మీ., బయట 4.6. నా కారుకు మూడేళ్లే. కొండ గారూ, వచ్చే నెల పెళ్లికి విశాఖ వస్తున్నాను, కారు మీ దగ్గరికి తీసుకురావచ్చా?

డాల్ఫిన్ కొండ (విశాఖపట్నం)

తప్పకుండా రండి. కానీ 2.1తో వానల్లో అంత దూరం నడిపి రాకండి. టైర్లు అక్కడే మార్చి, పాత వాటిని పారేయకుండా డిక్కీలో వేసుకుని రండి. వాటిని చూస్తేనే నాకు మీ కారు సంగతి తెలిసేది.